ఓం డాట్ ఎంపీజీ

నారపన్న స్టాకుయార్డు ఆఫీసులో కంప్యూటరు దింపిన రోజు దానికి పసుపుకుంకాలు పెట్టి, ముందర టెంకాయ కొట్టినారు. టెంకాయ నీళ్ళు చింది కీబోర్డులో పడినాయి. "తల్లి తాగిందిలేప్పా" అని నారపన్న కండ్లకద్దుకొని, సాయంత్రానికి ఇంకో కీబోర్డు తెప్పించినాడు. ఆయన వరసే అంత. నిన్నమొన్నటి దాకా శెనక్కాయ పండించుకున్న మనిషి. సండూరు కొండల్లో ఇనుపరాయికి రెక్కలొచ్చి, ఓడలకెక్కించడానికి ఎర్రమట్టి దొరికితే చాలనే కాలం వచ్చేసరికి, చేను చదును చేసి ఖనిజం కుప్పలు పోయించి స్టాకుయార్డు చేసినాడు, లారీలు కొన్నాడు, చొక్కాకు ఇస్త్రీ చేయించడం మొదలుపెట్టినాడు. దేవుడి భయం మాత్రం శెనక్కాయ చేనునాడు ఎంతుండెనో అంతే ఉండాది.

ఈ పక్క ఏ కాగితం రాసినా పైన "ఫలానా దేవర ప్రసన్న" అని పెట్టల్ల. పెళ్ళిపత్రిక కానీ, లారీ అద్దం కానీ, అంగడి బిల్లు కానీ. మరి కంప్యూటరుకేం తక్కువ? అందులోనూ స్టాకుయార్డుకు నలుగురు భాగస్తులు, నలుగురికీ తలా ఒక ఇలవేల్పు. ఎవరి దేవుడు ముందరుండల్ల అని మొదటివారమే జగడమైంది. నారపన్న తెగ్గొట్టినాడు. ఒక ఫోల్డరు "శ్రీ కనకదుర్గమ్మ దేవి ప్రసన్న". దాన్ని తెరిస్తే లోపల "శ్రీ ఉరుకుంద ఈరన్న స్వామి ప్రసన్న". దాని కడుపులో "శ్రీ హులిగెమ్మ దేవి ప్రసన్న". ఆ లోపల "శ్రీ కుమారస్వామి ప్రసన్న". ఇంతమందినీ దాటుకొని పోతే అప్పుడు లారీ ట్రిప్పుల బిల్లులు కనపడతాయి.

కంప్యూటరు ముందర కూర్చొనే సౌందర్యకు దీనివల్ల పుణ్యం ఎంతొచ్చిందో తెలియదు కానీ వేలు మాత్రం నొప్పి పుట్టేది. బళ్ళారిలో బీకాం చదివిన పిల్ల. ఊరు స్టాకుయార్డుకు ఆనుకొనుండే నల్లబండ. చేరిన్నాటినుంచీ టెంపరరీ. పర్మనెంటు ఎప్పుడు సార్ అని మేనేజరు ప్రవీణ్‌కుమార్‌ను అడిగితే "చూద్దాం" అంటాడు. ఆయన సిరుగుప్ప పక్క క్యాంపు మనిషి. తాతలనాడు కోస్తానుంచి వచ్చి కాలవ కింద వరి వేసుకున్న కుటుంబం. ఇన్నేండ్లు ఈ నీళ్ళు తాగినా మాట మాత్రం ఆ పక్కదే.

"అమ్మాయ్, ఇటు రా. శుక్రవారం మీ ఊళ్ళో హియరింగు. యార్డు పెంచుకోడానికి ఊరోళ్ళు ఏమంటారో వినడానికి జిల్లా ఆఫీసునుంచి మేడం వస్తారు. దుమ్ము, దుమ్ము అని గోల చేస్తారు మీవాళ్ళు. మనం రోడ్డుకి నీళ్ళు కొట్టిస్తున్నట్టు వీడియో చూపించామనుకో, నోళ్ళు మూతపడతాయి. పవర్‌పాయింటులో ఆ వీడియో పెట్టు. అది గనక చక్కగా ఆడిందా, సోమవారం నీకు పర్మనెంటు ఆర్డరు. ఆడలేదా, నాకు ఇంకో ఆపరేటర్ని చూసుకోవాల్సొస్తుంది."

ఇంతకంటే తేటగా ఎవరు చెప్తారు? సౌందర్య తల ఊపింది. ఇంట్లో నాయన లేడు, ఉండే రెండెకరాల మిరపచేను మీద ఎర్రదుమ్ము పడి కాయ రంగుకు ముందే ఎర్రబడి, కొనేవాడు వాసన చూసి వెనక్కి పెడుతున్నాడు. ఆ ఉద్యోగం ఆమెకు కావల్ల. గట్టిగా కావల్ల.

వీడియో సీడీలో వచ్చింది. సౌందర్య ఇన్సర్ట్ నొక్కి, మూవీ నొక్కి, ఫైలు చూపించింది. కంప్యూటరు "టంగ్" మనింది. ఒక పెట్టె లేచింది. నువ్వు చూపించిన ఫైలునుంచి మూవీ చేర్చడం కుదరదు, దోవా రకమూ సరిగ్గా ఉండాయో లేదో చూసుకో అని దాని సారాంశం. మళ్ళీ నొక్కింది. మళ్ళీ టంగ్.

వెనకనుంచి నారపన్న తొంగిచూసినాడు. "ఏమంటాండాదమ్మా అది?"

"సినిమా చేర్చేకి కాదంట అన్నా."

"సినిమా అని దానికెవురు చెప్పినారు? ట్యాంకరు వీడియో అని చెప్పమ్మా. బొమ్మలాట అనుకొని మొండికేసిందేమో."

*

వీడియో తీసినోడు హర్ష. కౌల్ బజారు పక్క సందులో స్టూడియో. పెళ్ళిళ్ళు, సీమంతాలు, చెవులు కుట్టించేది, ఇవే అతని లోకం. కాలేజీలో సౌందర్య వెనక బెంచీ. ఆమె సీడీ తెచ్చి బల్లమీద పడేసేసరికి నవ్వినాడు.

"మీ ఆఫీసు సిస్టం పాతది. నేనిచ్చిన రకం దానికి అర్థం కాదు. ఎంపీజీ రకం చేసిస్తా, సుమ్నే ఊరికే కూర్చో."

కూర్చుంది. అతని తెరమీద వీడియో నడిచింది. నడవంగానే సౌందర్య నోరు తెరిచింది. షెహనాయి మోగుతాండాది. తెరంతా ఎర్రగులాబీలు. గులాబీల నడుమ ఒక లవ్ గుర్తు, ఆ లవ్ గుర్తులోపల నీళ్ళు చల్లుకుంటా ట్యాంకరు. కడపట రెండు పావురాలు ఎగిరొచ్చి "శుభమస్తు" అని రాసిపోయినాయి.

"ఏంది హర్షా ఇది? ట్యాంకరుకు పెండ్లా?"

"అన్నింటికీ అదే ఫ్రేము వేస్తాండా. మీ సారు చూసి బాగుండాదన్నాడే!"

నిజమే, ప్రవీణ్‌కుమార్ చూసినాడు. సెల్లులో చూసినాడు. ఆ చిన్న అద్దంలో గులాబీలు దుమ్మనుకున్నాడో ఏమో. సౌందర్య అక్కడినుంచే ఫోను చేసి సంగతి చెప్పింది.

"లవ్ సింబలా? ఛీఛీ, మేడం ముందు పరువు పోద్ది. పూలూ పావురాలూ అన్నీ తీసేయించు. ఉత్త వీడియో ఉండాలి, అంతే."

హర్షకు ప్రాణం ఉసూరుమంది. కష్టపడి కట్టిన పందిరి పీకినట్టు ఒక్కొక్క పువ్వూ తీసినాడు. లవ్ గుర్తు పోయింది, షెహనాయి పోయింది. కొత్త ఫైలును ఎంపీజీ చేసి పెన్‌డ్రైవులో వేసిచ్చినాడు. "ఇంగ ఇది బోడి వీడియో. నా పేరు మాత్రం చెప్పాకు యాడా" అన్నాడు.

ఆ పొద్దు సౌందర్య ఇంటికి పోయేసరికి తల్లి నాగలక్ష్మమ్మ వాకిట్లో ఖాళీ కడవలు బోర్లించుకొని కూర్చొనుండాది. ఊర్లో బోరు ఎండిపోయినాంక స్టాకుయార్డు కంపెనీవాళ్ళే దినం విడిచి దినం తాగేనీళ్ళ ట్యాంకరు తోలుతాండారు. పోయిన వారం ఒక దినం రాలేదు. ఆ దినంనుంచి వరస తప్పింది. వచ్చినా ఊరంతటికీ చాలడంలేదు.

"ఆ పొద్దు మటమట మండే ఎండలో నిలబెట్టి మీ ట్యాంకరు పంచరైంది పోండి అనె, ఆ దుమ్ముకు నీళ్ళు కొట్టే బండి డ్రైవరు" అని నాగలక్ష్మమ్మ ఎన్నోసారో తిట్టిపోసింది. "వాని నోరు పంచరుగాను. నువ్వు మీ సారుకు చెప్పగూడదా?"

"చెప్తాలేమా."

"ఏం చెప్తావో. నువ్వు ఏం చేస్తాండావు అసలు ఆడ?"

"వీడియో అతికిస్తాండామా. అతకడంలే."

"గంజి పెట్టి అతికించుపో" అని లోపలికి పోయింది తల్లి. ఆమెకు కోపమొస్తే ఎకసెక్కం ఎక్కువైతాది.

*

తెల్లారి వీడియో ఎక్కింది. టంగ్ అనకుండా, బుద్ధిగా పోయి స్లైడులో కూర్చొని, నొక్కితే కదిలింది. నారపన్న చప్పట్లు కొట్టినాడు. సౌందర్య అది ఆడుతుందని రుజువైతే చాలని వెంటనే ఆపి, ఫైలు పెన్‌డ్రైవులో వేసి ప్రవీణ్‌కుమార్ ల్యాప్‌టాపులో పెట్టింది. హియరింగుకు తీసుకుపోయేది అదే కదా.

ల్యాప్‌టాపులో ట్యాంకరు బొమ్మ వచ్చింది. ఎంత నొక్కినా కదలదు. కొండంత నిబ్బరంగా నిలబడింది.

"ఇందాక అక్కడ ఆడిందిగా! ఇక్కడెందుకు ఆడదు? దీనికేమైనా మనిషిని బట్టి మర్యాదా?" అని ప్రవీణ్‌కుమార్ గుడ్లురిమినాడు. సౌందర్య మళ్ళా హర్షకు ఫోను చేసింది. ఐదు నిమిషాలు విని, పెట్టేసి, మేనేజరుకు ఇట్లా చెప్పింది:

"సార్, మనం ఫైలు లోపల వీడియో పెట్టలేదంట. అది యాడుందో ఆ అడ్రెసు మాత్రమే పెట్టినామంట. లింకంట. సంబంధం కలుపుకున్నాం గాని పిల్లను ఇంటికి తెచ్చుకోలేదు సార్. వీడియో గూడా ఈ ల్యాప్‌టాపులోకి రావల్ల, వచ్చినాంక మళ్ళా ఈడ లింకు కలపల్ల."

"మరి తెచ్చుకో! ఎవరొద్దన్నారు?"

తెచ్చుకుంది. ల్యాప్‌టాపు కొన్నప్పుడే నారపన్న దాంట్లో కూడా నలుగురు దేవుళ్ళనూ స్థాపించినాడు కాబట్టి, దుర్గమ్మను తెరిచి, ఈరన్నను తెరిచి, హులిగెమ్మను, కుమారస్వామిని తెరిచి, అందరికంటే లోపల గర్భగుడిలో పెట్టినట్టు ఆ వీడియో పెట్టింది. దాని పేరు కూడా నారపన్నే చెప్పినాడు, "నల్లబండ గ్రామ రోడ్డు దుమ్ము నివారణ నీళ్ళు చల్లు కార్యక్రమం శుభం" అని. లింకు కలిపింది. నొక్కింది.

కదల్లేదు.

సౌందర్యకు ఏడుపొచ్చింది. హియరింగు ఎల్లుండి. అదే వీడియోను తెరమీద బయట పెట్టి నొక్కితే గుర్రంలాగ ఆడుతాది, దేవుళ్ళ మధ్యకు పోతే రాయయిపోతాది. ఏం పాపం చేసినానో అనుకొని ఒక్క క్షణం నిజంగానే కుమారస్వామి ఫోల్డరుకు దండం పెట్టింది. తర్వాత సిగ్గేసి చుట్టూ చూసింది.

"ఆ ఫైలు అడ్రెసు చదువు" అన్నాడు హర్ష ఫోనులో.

చదివింది. సీ డ్రైవు, డాక్యుమెంట్స్, ఆ తర్వాత శ్రీ కనకదుర్గమ్మ దేవి ప్రసన్న, శ్రీ ఉరుకుంద ఈరన్న స్వామి ప్రసన్న, శ్రీ హులిగెమ్మ దేవి ప్రసన్న... దుమ్ము నివారణ దగ్గరికి వచ్చేసరికి ఆయాసమొచ్చి ఆగింది.

"చూసినావా, నువ్వే నడమ ఊపిరి తీసుకుంటివి. అదేం చదువుతాది పాపం! పేరు చాంతాడంత ఉంటే పవర్‌పాయింటు సగంలో వదిలేస్తాది. ఇద్దరు ముగ్గురు దేవుళ్ళను తీసెయ్ పో."

తీసెయ్ అనడం సులభం. ఎవరిని తీసెయ్యల్ల? మర్నాడు పొద్దున్నే సౌందర్య పోయి నారపన్నకు చెప్పింది. ఆయన పక్కన భాగస్తుడు, బామ్మర్ది కేశవ కూర్చొనుండాడు.

"హులిగెమ్మను తీసేస్తే సరిపోతాదేమో" అన్నాడు నారపన్న మెల్లగా. అది కేశవ ఇలవేల్పు.

కేశవ లేచి నిలబడినాడు. "ఏం బావా? మా యమ్మనే కనపడిందా నీకు? మీ దుర్గమ్మను తీసెయ్యరాదా? మా యమ్మకంటే పేరు పొడుగుండేది ఆమెదే గదా! కావాలంటే అక్షరాలు లెక్కపెట్టు."

"దుర్గమ్మ జోలికొస్తే బాగుండదు కేశవా!"

"అయితే నా వాటా నాకు పంచియ్యి, నేను వేరే పోతా."

వీడియో క్లిప్పు ఒకటి అతికించబోయి యార్డు రెండు ముక్కలయ్యేటట్టుండాది. సౌందర్య నడమ దూరింది. "అన్నా, అన్నా, ఎవురినీ తీసెయ్యొద్దు. వీడియోను మాత్రం బయట పెట్టుకుందాం. సీ డ్రైవులో సుమ్నే అట్ల."

"బయటా?" నారపన్న అదిరిపడినాడు. "దేవుని నీడ లేని చోటా? మంచిపనికి పోతా దిక్కులేని పక్షిలాగ బయట పెడతావా? కాదు, కూడదు."

సౌందర్య తల గోక్కుంది. అప్పుడు నోటికొచ్చింది, ఆలోచించి చెప్పింది కాదు. "దాని పేరే 'ఓం' అని పెడితేనో అన్నా? ఓం అంటే అందరు దేవుళ్ళూ వచ్చినట్టే గదా. రెండే అక్షరాలు."

బావాబామ్మర్దులు ఒకరినొకరు చూసుకున్నారు. ఓంకారానికి ఎదురుచెప్పేంత మగాడు బళ్ళారి జిల్లాలో ఎవడు? కేశవ కూర్చున్నాడు. నారపన్న "బంగారు తల్లి" అన్నాడు. అట్లా సీ డ్రైవులో, ఏ ఫోల్డరూ లేని చోట, ఓం డాట్ ఎంపీజీ వెలిసింది. లింకు కలిపి నొక్కితే ట్యాంకరు కదిలింది.

ఈ తూరి సౌందర్య ఆపలేదు. తెర నిండుగా చేసుకొని, గడ్డం కింద చెయ్యి పెట్టుకొని, గెలిచిన మనిషిలాగ మొదటినుంచి చివరిదాకా చూసింది. రోడ్డు. రోడ్డుమీద ట్యాంకరు. ట్యాంకరుకు ఈ కొసనుంచి ఆ కొసకు "దుమ్ము నివారణ వాహనం" అని గుడ్డ. వెనకనుంచి తెల్లగా నీళ్ళు. ఇంతకు ముందు లవ్ గుర్తు, గులాబీలు కమ్మిన మూల ఇప్పుడు బయటపడింది. ఆ మూల నల్లబండ రచ్చకట్ట. కట్ట ముందర కడవలు, బిందెలు, ప్లాస్టిక్ డబ్బాలు, వాటి వెనక ఆడోళ్ళు. వాళ్ళలోనుంచి ఒకామె రెండు కడవలు చంకకెత్తుకొని ట్యాంకరు దిక్కు నాలుగడుగులు వేసింది. డ్రైవరు కిటికీలోనుంచి చెయ్యి బయట పెట్టి, కోళ్ళను అదిలించినట్టు, పో పో అన్నాడు. ఆమె ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకొని కాసేపు చూసి, వెనక్కి నడిచింది.

ఆ నడక సౌందర్యకు తెలుసు. ఎడమకాలు కొద్దిగా ఈడుస్తాది. వాళ్ళమ్మ.

పంచరు గాదు, పాడూ గాదు. కంపెనీకుండేది ఒక్క ట్యాంకరే, దానికి గుడ్డ కట్టి ఆ పొద్దు ఊరికి రావలసిన తాగేనీళ్ళు రోడ్డుమీద పోసి వీడియో తీసినారు. సౌందర్యకు ఒళ్ళంతా మండింది. మూడు దినాలు ఇందుకా నేను ప్రాణం పెట్టి అతికించింది? అమ్మను వెళ్ళగొట్టింది తెరమీద ఆడించేకా? కోపం ఒక పక్క, అంతకు మించి సిగ్గు ఒక పక్క.

లేచి ప్రవీణ్‌కుమార్ గదికి పోయింది. ఆయన ఫోనులో షామియానావాడితో కుర్చీల గురించి అరుస్తున్నాడు.

"ప్లే అయిందా లేదా?"

"అయింది సార్. కానీ ఆ వీడియోలో..."

"కానీ గీనీ వద్దమ్మా! ఆడిందా? అంతే. ఇంకోటి, అది ఒక నిమిషం కూడా లేదు. నేను మాట్లాడినంతసేపూ వెనకాల తిరుగుతూనే ఉండాలి. అయిపోతే మళ్ళీ మొదట్నించి రావాలి. అవుద్దా?"

"అయితాది సార్. అయితే ఆ మూల మా ఊరి ఆడోళ్ళు..."

"ఉండనీ! ఊరోళ్ళు కనపడితే ఇంకా మంచిది. నిజం వీడియో అనుకుంటారు. వెళ్ళు, వెళ్ళు."

సౌందర్య ఒక్క నిమిషం గుమ్మంలోనే నిలబడింది. హర్షకు చెప్తే గడియలో ఆ మూలకు మళ్ళా గులాబీలు పూయిస్తాడు. ఎవరికీ ఏమీ కనపడదు. సోమవారం ఆర్డరు చేతికొస్తాది. వచ్చి తన సీట్లో కూర్చుంది. మౌసు పట్టుకుంది. "ఆపేవరకు తిరుగు" అనే గడిలో టిక్కు పెట్టింది. గులాబీల సంగతి హర్షకు చెప్పలేదు. మంచిపని చేస్తాండానో, కూటికి చిల్లు పెట్టుకుంటాండానో ఆమెకే తెలియలేదు.

ఆ సాయంత్రం నాగలక్ష్మమ్మ కూతురికి సగం లోటా నీళ్ళు అందించి, "రేపు ఇస్కూల్లో మీ సారు వీడియోలో నీళ్ళు చూపిస్తాడంట గదనే. చూసన్నా దప్పిక తీర్చుకుంటాంలే" అని నవ్వింది. సౌందర్య లోటా అట్లే కింద పెట్టేసింది.

*

శుక్రవారం పొద్దున్నే ఇస్కూలు పెద్ద గది కిటికీలకు గోనెపట్టాలు కట్టి చీకటి చేసినారు. తెర కట్టినారు. తెర అనేసరికి ఊరంతా దిగింది. హియరింగంటే ఏందో ఎవరికీ పట్టలేదు, వీడియో అంటే మాత్రం చంటిపిల్లలతో సహా వచ్చి ముందర చాపలమీద కూర్చున్నారు. జిల్లా ఆఫీసు మేడం నిమ్మకాయ రంగు చీరలో బల్ల వెనక కూర్చొని కళ్ళద్దాలు తుడుచుకుంటాండాది. నారపన్న తెరకు కూడా కర్పూరం తిప్పబోతే ఎవరో చెయ్యి పట్టి ఆపినారు. సౌందర్య ల్యాప్‌టాపు ముందర కూర్చుంది.

ప్రవీణ్‌కుమార్ మైకు అందుకున్నాడు. "ఊరి పెద్దలకీ, అక్కచెల్లెళ్ళకీ నమస్కారం. మా కంపెనీ మీ ఆరోగ్యాన్ని సొంత ఆరోగ్యంలా చూసుకుంటుంది. ప్రతి రోజూ రోడ్డుకి ఎలా నీళ్ళు కొడుతున్నామో మీ కళ్ళతో మీరే చూడండి." చెయ్యి ఊపినాడు. సౌందర్య నొక్కింది.

ఓం డాట్ ఎంపీజీ వెన్నలాగ ఆడింది.

మొదటి తూరి ఊరు ఈలలేసింది. "మన రోడ్డురోయ్! మన రచ్చకట్టరోయ్!" రెండో తూరి ఆడేసరికి మనుషులను వెతుక్కునేది మొదలైంది. "మద్దక్కా, నువ్వే గదా అది, పచ్చ రైకె!" మద్దమ్మ సిగ్గుపడి అక్కడ కూర్చొనే కొంగు సర్దుకుంది, తెరమీద సర్దుకోలేకపోతినే అని. "నాగలక్ష్మక్క చూడు, హీరోయినులాగ నడిచొస్తాండాది!" నవ్వులు. ప్రవీణ్‌కుమార్‌కు జనం కేరింతలు చూసి ఊపొచ్చింది. "ప్రతి రోజూ! క్రమం తప్పకుండా! వేల లీటర్లు!" అంటున్నాడు.

మూడో తూరి ట్యాంకరు వెనకభాగం దగ్గరగా వచ్చినప్పుడు ముందర చాపమీదనుంచి రుద్రమ్మ లేచి నిలబడింది. కళ్ళు చిట్లించి తెర దగ్గరికి పోయింది. నీళ్ళు కారే కొళాయి మీద వేలు పెట్టింది. ఆమె వేలినీడ తెరంత పెద్దగా పడింది.

"ఈ గుడ్డపేలిక నాదే!"

"కూర్చో రుద్రక్కా, అడ్డం" అన్నారు వెనకనుంచి.

"ఏయ్, ఉండండి. కొళాయి కారుతాందని నా చీర అంచు చించి కట్టింది నేను గాదా? ఇది మన తాగేనీళ్ళ ట్యాంకరే!"

గదిలో మాటలు తగ్గినాయి. నాలుగో తూరి ఆడింది. ఈ తూరి ఎవరూ తమను చూసుకోలేదు. ట్యాంకరును చూసినారు, కడవలను చూసినారు, డ్రైవరు చెయ్యిని చూసినారు.

"పంచరైందన్న పొద్దు గదనే ఇది!" హొన్నూరమ్మ గొంతు. "నా చంటిదానికి జొరం, గుక్కెడు నీళ్ళకు పక్కూరికి పోతిని! ఆ నీళ్ళు ఈడ పోసినారా?"

ఆ మాటతో ప్రవీణ్‌కుమార్ మొదటిసారి వెనక్కి తిరిగి తెరను చూసినాడు. "అమ్మాయ్, ఆపు."

సౌందర్య వేలు ఎస్కేప్ మీట మీద ఉండాది. నొక్కితే ఆగుతాది. ఎదురుగా చాపమీద అమ్మ కూర్చొని, తనను తాను తెరమీద వెనక్కి నడిచిపోయేది చూస్తాండాది. ఆమె మొగంలో కోపం లేదు. అంతమంది ముందర చిన్నబోయిన మొగం.

"ఆపమంటే వినపడదా?"

"ఆగడంలే సార్" అంది సౌందర్య. వేలు తీసేసింది. "ఎర్రర్ వస్తాండాది."

ఏ ఎర్రరూ లేదు. మూడు దినాలు లేచి లేచి టంగుమన్న పెట్టె, ఆ పొద్దు ఒక్కటి కూడా లేవలేదు. ప్రవీణ్‌కుమార్ ఒక్క దూకు దూకి గోడ దగ్గర తీగ పట్టి పీకినాడు. పీకింది మైకు తీగ. ఆయన నోరు కదులుతాండాది, మాట వినపడలేదు. ట్యాంకరు మాత్రం ఐదో తూరి బయలుదేరింది.

అప్పుడు నాగలక్ష్మమ్మ లేచింది. ఆమెకు మైకుతో పనిలేదు.

"అప్పా, దుమ్ము అణగల్లనే మేమూ అడుగుతాండాం. రోడ్డుకు నీళ్ళు కొట్టండి, సంతోషం. కానీ మా గొంతుల్లో పోసేవి తీసి రోడ్డుమీద పోస్తే, అది దుమ్ము నివారణైతాదా, మా నివారణైతాదా?"

నవ్వాలో ఏడవాలో తెలియక గది మొత్తం ఒక్కసారి గొల్లుమంది. మేడం చెయ్యెత్తింది. ఆమె కన్నడ మనిషి, తెలుగు అర్థమైతాది.

"ఇన్నొందు సల హాకమ్మా" అంది సౌందర్యతో. ఇంకోసారి వెయ్యమని. కళ్ళద్దాలు పెట్టుకొని మొదటినుంచి చూసింది, రాసుకుంది. నారపన్నను దగ్గరికి పిలిచింది. ఆయన చేతులు కట్టుకొని నిలబడినాడు. యార్డు పెంచే మాట ఇప్పుడు లేదంది. ముందు ఊరికి రోజూ తాగేనీళ్ళు రావల్ల, రోడ్డుకు వేరే ట్యాంకరు పెట్టల్ల. వచ్చినట్టు ప్రతి రోజూ వీడియో తీసి, రిపోర్టులో అతికించి ఆఫీసుకు పంపించల్ల. "వీడియో చెన్నాగి మాడ్తీరల్లా, మాడి" అంది. వీడియోలు బాగా చేస్తారు కదా, చెయ్యండి అని. ఊరు మళ్ళా ఈలలేసింది.

బయట గోడ పక్కన ప్రవీణ్‌కుమార్ సౌందర్యను ఆపినాడు. అరవలేదు. అలిసిపోయినోడిలాగ చెప్పినాడు. "ఆ మూల సంగతి ముందే చెప్పొచ్చుగా."

"చెప్పబోతిని సార్. ఆడిందా లేదా అంటిరి."

ఆయనకు గుర్తొచ్చింది. గుర్తొచ్చింది కాబట్టి ఇంకా మండింది. "సోమవారం నుంచి రానక్కర్లా" అని పోయి కారెక్కినాడు.

ఇంట్లో ఆ మాట చెప్పి సౌందర్య గోడకానుకొని ఏడ్చింది. ఎంత ధైర్యం చేసినా పోయినది ఉద్యోగం కదా. నాగలక్ష్మమ్మ కూతురి జడ విప్పి, నూనె రాసి, మళ్ళా గట్టిగా అల్లింది.

*

బుధవారం మధ్యాన్నం సెల్లు మోగింది. నారపన్న.

"అమ్మా సౌందర్యా, బాగుండావా? మేడం ఆఫీసునుంచి ఫోనుమీద ఫోను. రిపోర్టులో వీడియో కూర్చోడంలేదు తల్లీ. ప్రవీణ్ సోమవారంనుంచి కుస్తీ పడుతాండాడు. రకం మార్చినాడు, ఓం అని పెట్టినాడు, నమశ్శివాయ అని కూడా పెట్టి చూసినాడు. టంగుమంటాది. ఇదిగో, ఆయనే మాట్లాడతాడంట."

కాసేపు గరగర. తర్వాత ప్రవీణ్‌కుమార్ గొంతు, చెరువు గట్టుమీద జారినోడి గొంతులాగ జాగ్రత్తగా. "అదేనమ్మా... మొన్న ఏదో కోపంలో అన్నా. పర్మనెంటు ఆర్డరు టైపు చేయించి పెట్టా. ఈ రోజు వీడియో రెడీగా ఉంది. ఒక్కసారి వచ్చి అతికించి వెళ్ళు."

 సౌందర్య ఇప్పుడే వస్తాండా సార్ అనబోయింది. ఎందుకో ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి వాకిట్లోకి పోయింది.

"మా, ట్యాంకరొచ్చిందా ఈ పొద్దు?"

"వచ్చింది" అంది నాగలక్ష్మమ్మ. "వీడియో తీసే వాడొకడు దిగినాడు. నన్నూ, రుద్రమ్మనూ కడవలు పట్టుకొని నవ్వమన్నాడు. నవ్వితిమి. కడవ నిండీ నిండకముందే కొళాయి కట్టేసి తోలుకొని పోయినారు."

సౌందర్య వాకిట్లో కడవ మూత తీసి చూసింది. సగమే ఉండాయి. ఫోను చెవికి పెట్టుకుంది.

"సార్, ఆ వీడియో కూర్చోదు."

"ఎందుకు కూర్చోదు? ఏం ఎర్రరంటావ్?"

"అది ఈడుంది సార్, మా ఊళ్ళో. ట్యాంకరు వెనక్కి పంపించండి. మద్దమ్మ కడవా, హొన్నూరమ్మ కడవా, అందరివీ నిండినాంక నేనొస్తా. అంతవరకు నేనొచ్చినా అది కూర్చోదు."

 అవతల ఫోనుకు దూరంగా నారపన్న కేక వినపడింది.

"ట్యాంకరు యాడ నిలబెట్టినార్రా? తియ్యండ్రా బేగ, తియ్యండి!"

నాగలక్ష్మమ్మ కూతురి మొగం చూసింది. చూసి, లేచి, కడవలు రెండూ తీసుకొని రచ్చకట్ట దిక్కు నడిచింది, అందరికంటే ముందర నిలబడేకి.